రక్తం ఎక్కించుకునే పిల్లలు – అదుపు కణాలు

 

ఇంజనీరుకు రక్తంతో ఏం పనని అనుకుంటున్నారేమో. మా చెల్లెలి కొడుక్కి తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పద్నాలుగేళ్లుగా వాడి వెంట బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరుగుతూ తెలుసుకున్నది చెబుతాను.

లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే ఈ జబ్బు వస్తుంది. హీమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. ఎక్కించే ఒక్కో యూనిట్‌తో 200 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటకు పంపడానికి రోజూ మందు. ఇంతవరకు చాలామందికి తెలుసు. రెండో చిక్కు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

మనం ఎ, బి, ఓ గ్రూపు, పాజిటివో నెగటివో చూసి రక్తం ఎక్కిస్తాం. ఎర్రకణం మీద కెల్, డఫీ, కిడ్ అంటూ ఇంకా బోలెడు గుర్తులుంటాయి. పరాయి రక్తం పదేపదే వస్తుంటే కొందరి ఒళ్లు ఆ గుర్తుల మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఇక సరిపోయే రక్తం దొరకడం గగనమే. వందల యూనిట్లు ఎక్కించుకున్నా మరికొందరికి ఏమీ కాదు. ఎందుకీ తేడా?

జవాబులో కొంత రెగ్యులేటరీ టి కణాల్లో ఉండవచ్చు. డీజిల్ ఇంజను వేగం హద్దు దాటకుండా గవర్నర్ ఇంధనాన్ని తగ్గిస్తుంది కదా, రోగనిరోధక వ్యవస్థకు ఈ కణాలు అలాంటివి. 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి వీటిని గుర్తించారు. వీటికి మూలమైన ఫాక్స్‌పి3 జన్యువును 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుగొన్నారు. ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

తరచు రక్తం ఎక్కించుకునే తలసీమియా, సికిల్ సెల్ రోగులపై అమెరికాలో జరిపిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. యాంటీబాడీలు వచ్చినవారిలో ఈ కణాల అణిచే శక్తి తక్కువగా కనిపించింది. అదే కారణమా, లేక ఫలితమా అన్నది అంతటితో తేలదు. "అయితే ఆ కణాలు ఎన్నుంటే అంత మంచిదేగా అన్నయ్యా?" అంది చెల్లెలు. కాదమ్మా, అదుపు మరీ ఎక్కువైతే ఇన్ఫెక్షన్లను ఎదుర్కొనే శక్తే తగ్గిపోవచ్చు.

ఈ పిల్లల్లో ఆ కణాలను సరిచేసే మందు ఇంకా ఆసుపత్రుల్లోకి రాలేదు. చేతిలో ఉన్నది మ్యాచింగే. మొదటినుంచీ ఆర్‌హెచ్‌లోని సి, ఇ గుర్తులు, కెల్ కూడా సరిచూసి ఎక్కిస్తే యాంటీబాడీల ముప్పు తగ్గుతుంది. అందుకు ఆ గుర్తులన్నీ ముందే పరీక్షించిన, పిలిస్తే వచ్చే దాతలు కావాలి. ఏడాదికోసారి దండలు, ఫొటోలతో జరిపే శిబిరం ఇందుకు చాలదు (శిబిరం పెట్టినవాళ్లు కోప్పడకండి). మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఆరోగ్యం బాగుంటే 65 ఏళ్ల వరకూ ఇవ్వొచ్చు కాబట్టి మా బ్యాచ్‌కు తప్పించుకునే వీల్లేదు.

ఇంకోటి. పెళ్లీడు పిల్లలున్నవాళ్లు జాతకాలతో పాటు హెచ్‌బిఎ2 పరీక్షా చేయించండి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

దాతల జాబితాకు ఒక నోటుబుక్కు భోజనాల షామియానా దగ్గర పెట్టాను. పేరు, గ్రూపు, ఫోను నంబరు రాస్తే చాలు.