ఎన్నికల ఖర్చు లెక్క ఊరందరికీ తెలియాలి



తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ మన ఆదివాసీలకే. అయితే సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు హద్దుంది: జనాభా 5,000 దాటిన పంచాయతీలో 2.5 లక్షల రూపాయలు, మిగతా చోట్ల 1.5 లక్షలు. గెలిచినా ఓడినా 45 రోజుల్లో లెక్క చూపాలి.

ఆ కాగితాలు బీరువాలోనే ఉంటే ఊరికేం తెలుస్తుంది? సమాచార హక్కు చట్టం కింద నకళ్లు అడగండి. ఫోన్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి పేరు, తేదీ, దేనికి, ఎంత అని ఎక్కించండి. కూడికలు అదే చేస్తుంది. మీరు చూసిన జీపులు, మైకులు, భోజనాలు అందులో ఉన్నాయా? గ్రామసభలో చదివి వినిపించండి. అభ్యర్థులందరి లెక్కా పెట్టండి; మనవాణ్ణి వదిలేస్తే ఎవరూ నమ్మరు.

ఎన్నికల్లో హద్దు మీరి పోసినవాడు పంచాయతీ నిధుల్లోంచే రాబట్టుకోవాలని చూస్తాడు. ఆ నిధులే మన బోరు, మన బాట. అందుకే లెక్క అడుగుదాం!