పెరటి గుంటలో అడుగు చేపలు: మార్పు, ఇంగిలాయి పెంపకము
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చేపల పెంపకమనగానే మనకు కొల్లేటి ప్రాంతపు పెద్ద చెరువులు, బొచ్చె, శీలావతి చేపలు జ్ఞప్తికి వచ్చును. అవి ఎకరాల లెక్కన చేయు వ్యవసాయము. నేను నేడు చెప్పదలచినది అంత పెద్ద సంగతి కాదు. బావి ప్రక్కనో, అరటి పాదుల దగ్గరనో అర సెంటు చోటు ఉన్నవారు అందులో ఒక గుంట త్రవ్వి, ఇంటి కూరకు కొన్ని కిలోల చేపలు ఎట్లు పెంచుకొనవచ్చునో చెప్పెదను.

ఇంత చిన్న గుంటలో బొచ్చె, శీలావతి సరిగా ఎదగవు. వాటికి విశాలమైన నీరు, అందులో కరిగిన ప్రాణవాయువు సమృద్ధిగా కావలెను. మబ్బు పట్టిన రోజున తెల్లవారుజామున అవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరచుట మీలో చాలమంది చూచియే యుందురు. చిన్న గుంటకు తగినవి అడుగున బురదను అంటిపెట్టుకొని బ్రతుకు మొండి చేపలు. మన దేశవాళీ చేపలలో అట్టివి రెండు: మార్పు, ఇంగిలాయి. మీ ప్రాంతమున వీటికి వేరు పేర్లు ఉండవచ్చును. రెండింటికిని పొలుసులు లేవు. మూతి చుట్టూ నాలుగు జతల మీసములుండును. మార్పు చేపకు వీపు మీది రెక్క తోక దాక పొడవుగా సాగియుండును. ఇంగిలాయికి ఆ రెక్క చాల చిన్నది.

ఇట్టి చేపలను గుంటలలో, వరిచేలలో పెంచుట ఒక్క మన దేశమునందే కాదు. జపాను దేశమున దోజో అను చేప కలదు. అది సామాన్యముగా జానెడుకు మించని, పామువంటి ఒంటితో, మూతి చుట్టూ మీసములతో నుండు చేప. మన పిల్లకాలువల ఇసుకలో దూరు వేలెడంత చేపలకు అది చుట్టము. వరిమళ్లలో పెరిగి, చలికాలమున బురదలో దూరి కాలము గడపును. అక్కడివారు దానిని కుండలో వండి ఇష్టముగా తిందురు. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు అది పైకి వచ్చి గాలి మ్రింగును. ఆ గాలిలోని ప్రాణవాయువును దాని పేగు పీల్చుకొనును.

మార్పు, ఇంగిలాయి కూడ గాలి పీల్చునవే. అయితే వాటి ఏర్పాటు వేరు. మార్పునకు మొప్పల పైన ఒక గది, అందులో చిన్న చెట్టు కొమ్మలవంటి అవయవములు గలవు. ఇంగిలాయికి మొప్పల నుండి వెన్ను వెంబడి వెనుకకు సాగిన రెండు పొడవాటి గాలి తిత్తులు గలవు. అందువలననే నీరు తక్కువైన గుంటలో గూడ ఇవి బ్రతుకును. తడి గుడ్డలో చుట్టి సంతకు తెచ్చినను గంటల తరబడి కదలుచుండును.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. "మొండి చేప గదా, మురుగు గుంటలో వేసినను బ్రతుకును" అని కొందరు అనుకొందురు. బ్రతుకుట వేరు, పెరుగుట వేరు. గాలి పీల్చుట వలన ప్రాణవాయువు కొరత తీరును గాని, కుళ్లిన మేత వలన, చేపల విసర్జనము వలన పుట్టు అమోనియా విషము తగ్గదు. అది మొప్పలను, చర్మమును దెబ్బ తీయును. ఇతర చేపలు ముందుగానే తేలి మనలను హెచ్చరించును. ఈ చేపలు చివరి వరకు ఓర్చుకొనును. మనకు తెలియునప్పటికి ఆలస్యమైపోవును. కనుక ఓర్పుగల చేపను పెంచువాడు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

రెండవ సంగతి. ఈ చేపలు నీటి పైకి వచ్చి గాలి పీల్చి తీరవలెను. పైకి రానీయకపోయినచో చేప అయియుండియు నీటిలో ఊపిరాడక చచ్చును. గుంటను గుర్రపుడెక్కతో గాని, అజొల్లాతో గాని పూర్తిగా కప్పివేయకుడు. నీటి పై భాగమున మూడింట రెండు వంతులైనను తెరపిగా ఉండవలెను. కొంగల కొరకు కట్టు వల నీటికి జానెడు ఎత్తున ఉండవలెను గాని నీటిని తాకరాదు.

ఇక గుంట సంగతి. 22 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గుంట సుమారు అర సెంటు, అనగా 20 చదరపు మీటర్లు అగును. నీటి లోతు రెండున్నర అడుగులు చాలును. లోతు ఎక్కువైనచో చిన్న పిల్లలు గాలి కొరకు మాటిమాటికి పైకి ఈదుటలోనే బలము పోగొట్టుకొనును. రెండున్నర అడుగుల లోతున ఇందులో సుమారు 15 వేల లీటర్ల నీరు పట్టును. సగము ఎండ, సగము నీడ తగులు చోటు మంచిది. చింతచెట్టు క్రింద వద్దు. ఆకు రాలి అడుగున కుళ్లును.

ఈ చేపలు గట్టులో బొరియలు చేయును. వాన రాత్రులలో నేల మీద ప్రాకి పోవును. తెల్లవారి చూచిన గుంట ఖాళీగా నుండుటకు దొంగతనము కారణము కాకపోవచ్చును. కాబట్టి గట్టు లోపలి వైపు ఇటుక గాని, గట్టి పట్టా గాని వేసి, చుట్టును రెండడుగుల ఎత్తున సన్నని కన్నుల వలను అడుగు భాగము మట్టిలో పూడ్చి కట్టవలెను. సిమెంటు తొట్టి అయినచో క్రొత్తది వెంటనే పనికిరాదు. రెండు మూడు వారములు నీరు నింపి తీసివేయుచు సున్నపు ఘాటు పోగొట్టి, తరువాత అడుగున రెండు మూడంగుళముల మెత్తని మట్టి పరువవలెను.

మట్టి గుంటకు నీరు పెట్టుటకు ముందు అర కిలో సున్నము చల్లి, వారము తరువాత బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక గంప వేసి నీరు పెట్టుడు. బోరు నీరైనచో ఎత్తు నుండి ధారగా పడనిచ్చి గాలి తగులనీయవలెను. క్లోరిను కలిపిన కుళాయి నీరైనచో రెండు రోజులు వేరుగా నిలువ యుంచి వాడవలెను. అడుగున మట్టి గొట్టములు, నోరు పగిలిన కుండలు నాలుగైదు పెట్టుడు. పగలు చేపలు వాటిలో దాగును. పొలుసు లేని ఒళ్లు గీరుకొనును గనుక వాడి అంచులు లేకుండ అరగదీసి వేయవలెను.

తరువాత పిల్లల సంగతి. నష్టపోవు రైతులలో చాలమంది ఇక్కడనే నష్టపోవుదురు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అను చేప ఉన్నది. అది మన మార్పువలెనే కనిపించును గాని, మిక్కిలి తిండిపోతు. తోటి చేపలను సైతము మ్రింగును. వరదలో గుంట దాటి చెరువులో పడినచో అక్కడి చేపలకు ముప్పు. మన ప్రభుత్వము 2000 సంవత్సరమున దీని పెంపకమును నిషేధించినది. ఉన్న చేపలను నిర్మూలింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించినది. అయినను "దేశవాళీ మార్పు" అని చెప్పి దీని పిల్లలను అమ్మువారు ఉన్నారు. తల వెనుకటి ఎముక అంచును చూచిన మన మార్పునకు ఆంగ్లపు 'వి' అక్షరమువలె, ఆఫ్రికా చేపకు 'డబ్ల్యు' అక్షరమువలె ఉండును. ఇది పెద్ద చేపలలోనే తేలికగా తెలియును. వేలెడు పిల్లలను చూచి మీరు పోల్చుట కష్టము. "ఆరు నెలలలో కిలో తూగును" అని ఎవరైనను చెప్పినచో కొనకుడు. మన మార్పు అట్లు పెరుగదు. మీ జిల్లా మత్స్యశాఖ అధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రమును గాని అడిగి, వారు చూపిన చోటనే పిల్లలను తెచ్చుకొనుడు.

దేశవాళీ మార్పు నేడు అంతరించు ప్రమాదమున్న చేపల పట్టికలో చేరినది. బీహారు రాష్ట్రము దీనిని తన రాష్ట్ర చేపగా పెట్టుకొన్నది. వానాకాలమున వరిచేల గట్ల వెంట గుంటలలో ఇది గ్రుడ్లు పెట్టును. మగ చేప వాటికి కావలి కాయును. ఆ సమయమున చేలలో దొరకిన తల్లి చేపలను పట్టకుడు.

పిల్లలు 5 నుండి 8 గ్రాముల తూకము గలవై, అన్నియు ఒకే సైజుగా ఉండవలెను. చిన్నా పెద్దా కలిసినచో పెద్దవి చిన్నవాటిని తినును. చదరపు మీటరుకు మూడు చొప్పున మన గుంటకు 60 పిల్లలు చాలును. తెచ్చిన సంచిని 20 నిమిషములు గుంట నీటిలో తేలనిచ్చి, కొంచెము కొంచెము గుంట నీరు సంచిలోనికి కలిపి, సాయంత్రము చల్లని వేళ వదలవలెను. వదలుటకు అనుకూలమైన కాలము ఆగస్టు, సెప్టెంబరు నెలలు.

మేత. వేరుసెనగ పిండి రెండు పాళ్లు, తవుడు రెండు పాళ్లు, ఎండుచేపల పొడి ఒక పాలు కలిపి, నీటితో ముద్ద చేసి, ఒక పళ్లెములో పెట్టి అడుగునకు దించవలెను. ఇందులో మాంసకృత్తులు నూటికి 30 పాళ్లకు తక్కువ కాకుండ ఉండును. బూజు పట్టిన పిండి వాడరాదు. ఇవి రాత్రి తిరుగు చేపలు. కనుక మేతలో ఎక్కువ భాగము ప్రొద్దు గ్రుంకిన తరువాత వేయవలెను. మొదట చేపల మొత్తము తూకములో నూటికి 5 వంతులు వేయవలెను. 60 పిల్లలు 10 గ్రాముల చొప్పున 600 గ్రాములు తూగినచో రోజుకు 30 గ్రాముల మేత. తరువాత క్రమముగా నూటికి 3 వంతులకు తగ్గించవలెను. తెల్లవారి పళ్లెము ఎత్తి చూడుడు. మేత మిగిలినచో ఆనాడు సగమే వేయుడు. గుంట చెడుటకు మొదటి కారణము మిగిలిన మేతయే.

చలికాలమున ఇవి మందగించును. ఆదిలాబాదు వైపున, అరకు వైపున నీరు బాగా చల్లబడును. నీటి వేడి 20 డిగ్రీలకు దిగినచో తిండి తగ్గును. ఆ దినములలో రెండు రోజులకొకసారి కొద్దిగా వేసిన చాలును. అడుగు మట్టిని కెలుకకుడు.

పదిహేను రోజులకొకసారి నాలుగవ వంతు నీరు తీసి క్రొత్త నీరు పెట్టుడు. తీసిన నీరు ఎరువు కలిసిన నీరు. అరటికి, కొబ్బరికి, కరివేపకు పెట్టుడు. చేపలు మాటిమాటికి గాలికి వచ్చుచున్నను, మూలల నిలిచిపోయినను, మీసములు అరిగినను, ఒంటిపై తెల్లని మచ్చలు కనబడినను మేత మాని నీరు మార్చవలెను. పొలుసు లేని చేపలు మందుల ఘాటునకు త్వరగా లోనగును. అందుచేత ఇతర చేపలకు వాడు మోతాదును వీటికి వాడక, అధికారిని అడుగుడు. పురుగుమందు పిచికారీ డబ్బాను గుంట దగ్గర కడుగకుడు. పైరిత్రాయిడు మందులు బొట్టంత పడినను చేపలకు ప్రాణాంతకము.

గుంట అంచున గడ్డి లేకుండ చూచినచో దోమపిల్లలకు చాటు ఉండదు. కొన్ని పరిగెలు వదలినచో పై నీటిలోని దోమపిల్లలను తినును.

ఇక మనుష్యుల క్షేమము. రెండున్నర అడుగుల నీరు చంటిపిల్లవానికి ప్రాణాపాయము. దడి, దానికి గడియ లేకుండ గుంట త్రవ్వకుడు. ఇంగిలాయి ప్రక్క రెక్కల ముల్లు విషపు ముల్లు. చేతితో పట్టక వలబుట్టతో పట్టవలెను. గుచ్చుకొన్నచో కడిగి, ఓర్వగలిగినంత వేడి నీటిలో చేతిని ముంచి యుంచిన నొప్పి తగ్గును. వాపు పెరిగినచో వైద్యుని వద్దకు పోవలెను. పిల్లలున్న ఇంట మొదటి ఏడు మార్పు ఒక్కటే పెంచుట మేలు.

ఎనిమిది నెలలకు, మార్చి ఏప్రిలులో నీరు తగ్గు వేళకు, మార్పు 100 నుండి 150 గ్రాములు తూగును. ఇంగిలాయి అంతకంటె చిన్నది. 60లో 40 దక్కినను, 120 గ్రాముల చొప్పున దాదాపు అయిదు కిలోలు. ఇది ధనవంతుని చేయు పంట కాదు. వారము వారము మూడు నాలుగు చేపలు పట్టుకొన్నచో పిల్లలకు, బాలింతలకు తాజా మాంసకృత్తులు పెరటిలోనే దొరకును. చివరకు గుంట ఎండగట్టి, అడుగు బురదను కూరమడులకు ఎరువుగా వేసి, పది రోజులు ఎండనిచ్చి మరల తొలకరికి సిద్ధము చేసికొనుడు.

ఈ ఏడు ఒక్క గుంటతో, నమ్మకమైన చోటి 60 పిల్లలతో ఆరంభింపుడు. ప్రతి ఉదయము పళ్లెము ఎత్తి చూచుట మాత్రము మరువకుడు.