మాగిన బరోలో

ఇటలీ వాయవ్యాన, పీడ్‌మాంట్‌లోని లాంగే కొండల మీద నెబ్బియోలో ద్రాక్ష పండుతుంది. బరోలో వైన్‌ను అచ్చంగా దానితోనే చేస్తారు. పండు ఆలస్యంగా పక్వానికొస్తుంది. కోత ఎక్కువగా అక్టోబరులోనే, పొగమంచు కమ్ముకునే రోజుల్లో. చట్టప్రకారం వైన్ 38 నెలలైనా మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో.

లేత బరోలో నాలుక పట్టేసేంత వగరు. మంచి ఏడాది పంటైతే, ఇరవై ఏళ్లకు ఆ వగరు మెత్తబడుతుంది. గ్లాసును తెల్లగుడ్డ మీదకు వంచి చూడండి: అంచున ఎరుపు ఇటుకరంగుకు తిరిగి ఉంటుంది. ఎండు గులాబీ, తారు కలిసిన వాసన. ఎంత అపురూపమైన కలయికో!

బరోలో ఊళ్లలో లా మొర్రా నేలలో పండినది సుకుమారం, సెర్రలుంగాది దిట్టం. ఎక్కువకాలం దాచడానికి నా ఓటు సెర్రలుంగాకే. పాత సీసాలో మడ్డి ఉంటుంది కనుక ముందురోజే నిలబెట్టి, మర్నాడు నెమ్మదిగా వంపుకోవాలి.