మదర్‌బోర్డు కొనేముందు



మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లవాడుంటే ఈపాటికి అడిగే ఉంటాడు, "గేమింగ్ కంప్యూటర్ కావాలి, అంగడిలో తయారుగా దొరికేది వద్దు, విడి భాగాలు కొనిస్తే నేనే బిగించుకుంటాను" అని. వాడు చెప్పే పేర్లు మనకు తెలియవు. డబ్బు మాత్రం మనదే. ఆ పేర్లలో మదర్‌బోర్డు ఒకటి. ఈవేళ దాన్ని గురించి మాట్లాడుకుందాం. పిల్లల్ని కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి.

2024లో మా చెల్లెలు చీటీ పాడిన డబ్బు కొడుకు కంప్యూటరుకని ఇచ్చింది. హోసూరు నుంచి బెంగుళూరు నలభై కిలోమీటర్లే గదా, మేనల్లుడూ నేనూ బస్సెక్కి వెళ్ళి ఒక అంగడిలో అన్నీ కొన్నాం. ఆ ఏడాదే విడుదలైన రైజన్ 9600ఎక్స్ ప్రాసెసర్, దానికి బి650 రకం బోర్డు. రాత్రి పదకొండు దాకా బిగించాం. ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద ఏమీ రాలేదు. విప్పి మళ్ళీ బిగించాం. అంతే. ఏదో పాడు చేశానని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెల్లెలు ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

పాడైంది ఏదీ లేదు. మదర్‌బోర్డులో బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. కరెంటు రాగానే ప్రాసెసర్‌ని గుర్తుపట్టి పని మొదలుపెట్టించేది అదే. బి650 బోర్డులు బజారుకు వచ్చింది 2022లో. మాకు దొరికిన బోర్డులోని పాత బయోస్‌కి 2024 ప్రాసెసర్ సంగతి తెలియదు. మర్నాడు మళ్ళీ బస్సు. అంగడివాళ్ళు పాత ప్రాసెసర్ ఒకటి పెట్టి బయోస్ మార్చి ఇచ్చారు. కొనేటప్పుడే అడిగి ఉంటే సరిపోయేది. కొన్ని బోర్డులకు వెనక ఒక బొత్తాం ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించవచ్చు. పట్నానికి దూరంగా ఉన్నవాళ్ళు ఆ బొత్తాం ఉన్న బోర్డే చూసుకోండి.

కాబట్టి ముందు ప్రాసెసర్ నిర్ణయించుకుని, తరువాత బోర్డు దగ్గరకు రండి. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఎ.ఎం.డి. కంపెనీది ఎ.ఎం.5. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలవాటికి ఎల్.జి.ఎ. 1700, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకి ఎల్.జి.ఎ. 1851. ఒకదానిది ఇంకొకదానిలో పట్టదు. ఎ.ఎం.డి. పాత సాకెట్ ఎ.ఎం.4 కి 2017లో రైజన్‌లు వస్తే, 2024లో కూడా అదే సాకెట్‌కి కొత్తవి విడుదల చేశారు. మూడు నాలుగేళ్ళ తరువాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనే ఇళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ర్యామ్ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఎ.ఎం.5 బోర్డులకు డి.డి.ఆర్.5 మాత్రమే. ఎల్.జి.ఎ. 1700 లో డి.డి.ఆర్.4 బోర్డులూ ఉన్నాయి, డి.డి.ఆర్.5 బోర్డులూ ఉన్నాయి, పేర్లు దాదాపు ఒకటే. పెట్టె మీద చదివి తీసుకోండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, ఇంట్లో డి.డి.ఆర్.4 ముక్కలు మిగిలి ఉంటే వాటిని లెక్కలో వేసుకుని బోర్డు ఎంచుకోవచ్చు.

ఇక ధర. ఒకే సాకెట్‌కి పదివేల బోర్డు ఉంది, ముప్పైవేల బోర్డూ ఉంది. పిల్లలు రంగురంగుల దీపాలున్నదే అడుగుతారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అవే అయితే, ఖరీదైన బోర్డు పెట్టినందువల్ల ఆట వేగం చెప్పుకోదగ్గంత పెరగదు. ఆ మిగులు గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి, తేడా కళ్ళకు కనబడుతుంది. ఇంటెల్‌లో జెడ్ రకం బోర్డు, పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళకు. తక్కినవాళ్ళకు బి రకం చాలు.

అలాగని అన్నిటికన్నా చవకది కూడా పట్టుకోకండి. కంప్యూటరులోని ఎస్.ఎం.పి.ఎస్. పన్నెండు వోల్టులిస్తే, ప్రాసెసర్ వాడుకునేది సుమారు ఒక్క వోల్టు. ఆ తగ్గించే పని బోర్డుదే, మన వీధి ట్రాన్స్‌ఫార్మరు చేసే పనిలాంటిది. అక్కడ వేడి పుడుతుంది. ఆ భాగాల మీద మందపాటి లోహపు దిమ్మ ఉందేమో చూడండి. ఏమీ లేని బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెడితే, ఎండాకాలంలో అరగంట ఆడేసరికి వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. పిల్లవాడు గ్రాఫిక్స్ కార్డుని తిడతాడు.

ఇప్పటి పెద్ద ఆటలు కొన్ని నూరు జి.బి. దాటుతున్నాయి, అందుకని ఎం.2 డ్రైవుకి రెండు చోట్లయినా ఉండాలి. క్యాబినెట్ కొలత కూడా సరిచూసుకోండి: ఎ.టి.ఎక్స్. బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, మైక్రో ఎ.టి.ఎక్స్. 244.

ఇంటికి తెచ్చాక సాకెట్‌లోని సన్నని సూదులను వేలితో ముట్టకండి. దాని మీద ఉండే ప్లాస్టిక్ మూత ప్రాసెసర్ బిగించగానే ఊడి వస్తుంది. దాన్ని పారేయకుండా బిల్లుతోబాటు డబ్బాలోనే దాచండి. వారంటీకి పంపేటప్పుడు ఆ మూత పెట్టే పంపాలి. తెర కేబులును మదర్‌బోర్డుకి కాక, గ్రాఫిక్స్ కార్డుకే తగిలించండి.