నిపుణుడు చెప్పాడంటే సరా?



మేము ఇల్లు కట్టుకుంటున్నప్పటి సంగతి ఒకటి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. రేపు స్లాబు వేస్తారనగా మా మామగారు పక్క ఊరినుంచి రిటైరైన ఓవర్సీరు ఒకాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన నిచ్చెన ఎక్కి, టేపు పెట్టి కొలిచి, "కడ్డీల మధ్య ఆరంగుళాలు గదా ఉండాలి, ఇక్కడ ఎనిమిది ఉన్నాయేం?" అన్నారు. కాంట్రాక్టరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నామీద నమ్మకం లేదా అమ్మా?" అని నన్నడిగాడు. నాకేం చెప్పాలో తోచలేదు. మా అత్తగారు మాత్రం, "నమ్మకం లేకపోతే ఇల్లు నీ చేతికిచ్చేవాళ్ళమే కాదు నాయనా. నమ్మకం వేరు, సరిచూసుకోవడం వేరు" అన్నారు. ఆ సాయంత్రమే కడ్డీలు విప్పి మళ్ళీ కట్టారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది అణువిద్యుత్ కేంద్రాల గురించి. అమ్మో, ఆ శాస్త్రమంతా మనకెందుకని రేడియో కట్టేయకండి. అందులో మనకు కావలసిన శాస్త్రం నాలుగు ముక్కలే. అణువును చీలిస్తే వేడి పుడుతుంది. ఆ వేడికి నీళ్ళు ఆవిరవుతాయి. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు వస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే, మన పొయ్యిలా ఇది ఆర్పగానే చల్లారదు. ఆపిన తరువాత కూడా చాలాకాలం నీళ్ళు పోస్తూ చల్లబరుస్తూనే ఉండాలి. అందుకని ఇంత పనినీ సరిగ్గా చేస్తున్నారో లేదో ఎవరు చూడాలి, చూసినవాళ్ళు ఎక్కడ చెప్పాలి, చెబితే ఎవరు వినాలి అన్నదే నా ప్రశ్న. దీనికి అమెరికా దేశపు అనుభవం బాగా పనికొస్తుంది. అక్కడ ఇలాంటి విచారణలు బహిరంగంగా జరిగాయి, ఎవరేమన్నారో రాతలో ఉంది.

అలబామా రాష్ట్రంలో బ్రౌన్స్ ఫెర్రీ అనే అణువిద్యుత్ కేంద్రం ఉంది. 1975 మార్చి 22న అక్కడి పనివాళ్ళు వైర్లు గోడలోంచి వెళ్ళేచోట సందుల్లో గాలి కారుతోందేమో చూస్తున్నారు. దేనితో చూశారనుకుంటున్నారు? కొవ్వొత్తితో! మంట ఎటు వాలితే అటు గాలి లాగుతున్నట్టు. సందులు పూడ్చిన నురుగు పదార్థానికి మంట అంటుకుంది. దాదాపు ఏడు గంటలపాటు తగలబడి పదహారు వందలకు పైగా కేబుళ్ళు పాడయ్యాయి. ఆపదలో నీళ్ళు పోయవలసిన పంపులు చాలావరకు పనిచేయకుండా పోయాయి. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కోట్ల డాలర్ల కేంద్రాన్ని కొవ్వొత్తి ఆ స్థితికి తెచ్చింది.

ఆ రియాక్టర్లు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. మరుసటి ఏడు, 1976 ఫిబ్రవరి 2న, ఆ కంపెనీలో ముగ్గురు ఇంజనీర్లు ఒకేరోజున రాజీనామా ఇచ్చారు. డేల్ బ్రైడెన్‌బా, రిచర్డ్ హబ్బర్డ్, గ్రెగరీ మైనర్ వాళ్ళ పేర్లు. ముగ్గురూ మేనేజర్ల హోదాలో ఉన్నవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు. ఆ నెలలోనే అమెరికా పార్లమెంటు సంఘం ముందు కూర్చుని సాక్ష్యమిచ్చారు. నిర్మాణంలోని చిన్న చిన్న లోపాలూ మనుషులు చేసే పొరపాట్లూ అన్నీ కూడితే ప్రమాదం తప్పదు, ఎప్పుడు, ఎక్కడ అన్నదే తేలవలసినది అని వాళ్ళ సాక్ష్యం సారాంశం. కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం వాళ్ళ హక్కు. సాక్ష్యమంటే వేదవాక్కు కాదు గదా, ఎదుటివాడు కాదనడానికి అవకాశం ఉన్నదాన్నే సాక్ష్యం అంటారు.

ఉద్యోగాలు వదులుకున్న ఆ ముగ్గురూ ఏం చేశారు? తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి ఎం.హెచ్.బి. అనే సలహా సంస్థ పెట్టుకున్నారు. మా ఓవర్సీరుగారి పనే, కాస్త పెద్ద ఎత్తున! రియాక్టరు కట్టడం ఎలాగో తెలిసినవాళ్ళు, కట్టించుకునేవాళ్ళ తరఫున, పక్కన నివసించేవాళ్ళ తరఫున కాగితాలు చదివి, లెక్కలు చూసి, విచారణల్లో నిలబడి చెప్పడం.

వాళ్ళు రాజీనామా ఇచ్చిన మూడేళ్ళకు, 1979 మార్చి 28న, పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం జరిగింది. తెరుచుకున్న వాల్వు ఒకటి మళ్ళీ మూసుకోలేదు. కంట్రోలు గదిలోని దీపం చూసి పనివాళ్ళు అది మూసుకుందనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది "మూసుకోమని ఆజ్ఞ వెళ్ళింది" అని మాత్రమే. మూసుకుందో లేదో దానికి తెలియదు! "గేదెకు కుడితి పెట్టారా?" అంటే "చెప్పానండీ" అనే పనివాడిలాంటిది ఆ దీపం. వందకు పైగా గంటలు ఒక్కసారి మోగుతుంటే, నీళ్ళు ఎక్కువైపోతున్నాయని భ్రమపడి, పోయవలసిన నీళ్ళను పనివాళ్ళే తగ్గించారు. రియాక్టరు గర్భంలో చాలా భాగం కరిగిపోయింది.

ప్రెసిడెంటు కార్టర్ పన్నెండు మందితో విచారణ కమిషను వేశారు. గణిత శాస్త్రవేత్త జాన్ కెమెనీ అధ్యక్షుడు. మన సోదరీమణులు తప్పక వినవలసిన సంగతి ఒకటుంది. ఆ పన్నెండు మందిలో ఆన్ ట్రంక్ అనే ఆవిడ ఉన్నారు. ఆమె శాస్త్రజ్ఞురాలు కాదు, ఆ కేంద్రానికి దగ్గరలోని మిడిల్‌టౌన్ ఊళ్ళో గృహిణి. మహా మహా ప్రొఫెసర్ల పక్కన కూర్చుని ఆమె కూడా సాక్షుల మాటలు విన్నారు. పత్రికలూ టెలివిజనూ జనాన్ని అనవసరంగా భయపెట్టాయని నివేదికలో తన అభిప్రాయం విడిగా రాశారు కూడా. అంటే, అణుశక్తిని తిట్టడానికి వచ్చిన మనిషి కాదు. తన ఊళ్ళో ఏం జరిగిందో తెలుసుకుందామని వచ్చిన మనిషి.

ఆ విచారణలో బయటపడ్డ నిజం వింటే మనసు చివుక్కుమంటుంది. 1977 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో అచ్చం ఇలాగే వాల్వు తెరుచుకుని ఉండిపోయింది. అక్కడ కూడా పనివాళ్ళు నీళ్ళు తగ్గించారు. అదృష్టవశాత్తు పెద్ద నష్టం లేకుండా బయటపడ్డారు. ఆ రియాక్టరు తయారుచేసిన కంపెనీ ఇంజనీరు ఒకాయన, పనివాళ్ళకు దీన్ని గురించి స్పష్టంగా సూచనలు పంపాలని 1978 ఫిబ్రవరిలో ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం కంపెనీలోనే ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరిగింది. త్రీ మైల్ ఐలండుకి చేరలేదు. పదమూడు నెలల తరువాత ప్రమాదం జరిగింది. అసలు జబ్బు యంత్రాలది కన్నా మనుషులదీ, యాజమాన్యాలదీ, పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థదీ అని కెమెనీ కమిషను తేల్చింది. తెలిసినవాడు లేకపోవడం వల్ల కాదు తల్లీ, తెలిసినవాడి మాట చేరవలసిన చోటికి చేరకపోవడం వల్ల!

ఇంకొక కథ. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్ అనే పొడుగాటి ద్వీపం. దాదాపు 190 కిలోమీటర్ల పొడవు. దానిమీద షోర్‌హామ్ అనేచోట అక్కడి కరెంటు కంపెనీ అణువిద్యుత్ కేంద్రం కట్టింది. 1960లలో చెప్పిన అంచనా ఏడున్నర కోట్ల డాలర్లు దాటదని. చివరికి అయిదు వందల కోట్లు దాటింది. అందులో యాజమాన్యం చేతగానితనం వల్ల పెరిగింది ఎంత అని విచారణ జరిగి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చును వాడకందార్ల బిల్లుల్లో వేయడానికి వీల్లేదని 1985లో న్యూయార్కు రాష్ట్ర కమిషను తీర్పు చెప్పింది. లెక్కలు తెలిసినవాళ్ళు కాగితాలు ముందు పెట్టి సాక్ష్యం చెబితేనే అది సాధ్యమైంది. ఇక రక్షణ సంగతి. కరెంటు పోతే పంపులు నడపడానికి పెట్టిన డీజిల్ జనరేటర్లలో ఒకదాని క్రాంక్‌షాఫ్టు 1983 ఆగస్టులో పరీక్షల్లోనే విరిగింది.

ఆ ప్రాంతపు కౌంటీ ప్రభుత్వం సొంతంగా నిపుణులను పెట్టుకుంది. వాళ్ళలో మన ముగ్గురు ఇంజనీర్ల సంస్థ కూడా ఉంది. ప్రమాదం వస్తే జనాన్ని ఎలా తరలిస్తారన్నది పెద్ద ప్రశ్న అయింది. ద్వీపం గదా, రోడ్డున పోవాలంటే పడమటికి, న్యూయార్కు వైపుకే పోవాలి. కంపెనీ పథకంలో స్కూలు బస్సు డ్రైవర్లు వచ్చి పిల్లలను తీసుకుపోతారని ఉంది. కాగితం మీద చక్కగానే ఉంది. అయితే ఆ డ్రైవర్లనే అడిగి చూశారా ఎవరైనా? కౌంటీవాళ్ళు అడిగించారు. "అలాంటి ఆపద వస్తే ముందు ఏం చేస్తారు?" అంటే, ఎక్కువమంది "ముందు మా ఇంటికెళ్ళి మావాళ్ళను చూసుకుంటాం" అన్నారు. సామాజిక శాస్త్రవేత్త కై ఎరిక్సన్ వంటివారు విచారణలో దీని గురించే సాక్ష్యమిచ్చారు. కంపెనీ తరఫు నిపుణులు, ఆపద సమయంలో మనుషులు బాధ్యత మరిచిపోరని ఎదురు వాదించారు. ఎవరి వాదన నెగ్గిందన్నది అలా ఉంచండి. బస్సు నడిపే మనిషికి కూడా ఇంట్లో బిడ్డ ఉంటుందన్న మాట తల్లులకు ఒకరు చెప్పాలా?

చివరికి 1989లో ఆ కేంద్రాన్ని మూసేయాలని రాష్ట్రప్రభుత్వానికీ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. ఆ తరువాత కేంద్రం లైసెన్సు ఇచ్చినా ఉపయోగం లేకపోయింది. ఒక్క డాలరుకు ఆ కట్టడం చేతులు మారింది. ఇళ్ళకు వెలుగివ్వకుండానే మూతపడింది. మిగిలిన అప్పు మాత్రం ఆ ద్వీపం మీది ఇల్లాళ్ళు ఏళ్ళ తరబడి కరెంటు బిల్లుల్లో కట్టారు. ముందే గట్టిగా సరిచూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది. ఆలస్యంగా సరిచూసుకోవడానికి ఎంత ఖర్చో చూడండి.

అదంతా అమెరికా గొడవ, మనకేమిటంటారా? మన దేశంలో 1969లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన తారాపూర్ రియాక్టర్లు ఆ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కట్టినవే. మన రియాక్టర్లకు ఇంధనపు కట్టలు తయారయ్యేది మన హైదరాబాదులోనే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. పర్యవేక్షణకు మన దేశంలో 1983లో ఒక బోర్డు ఏర్పడింది. 1993 నుంచి 1996 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ గారు, మన కేంద్రాల్లో సరిచేయవలసిన లోపాల గురించి పదవి దిగాక బహిరంగంగా మాట్లాడారు. ఆ బోర్డుకు స్వతంత్రంగా వ్యవహరించే చట్టబద్ధమైన హోదా లేదని 2012లో ప్రభుత్వ ఆడిటర్లే పార్లమెంటుకు నివేదించారు. పరీక్ష రాసేవాడి ఇంట్లోనే పరీక్షకుడు భోజనం చేస్తే మార్కులు ఎలా నమ్ముతాం?

అణువిద్యుత్తు వద్దనడం నా ఉద్దేశం కాదు. పొగ రాని కరెంటు అది, దేశానికి కరెంటు కావాలి. రేపు మీ ఊళ్ళో ఇలాంటి కేంద్రం గురించి గానీ, రసాయనాల ఫ్యాక్టరీ గురించి గానీ ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే, మగవాళ్ళను పంపి మీరు ఇంట్లో ఉండిపోకండి. నిపుణుడు లేచి మాట్లాడుతుంటే నాలుగు విషయాలు అడగండి. అయ్యా, మీకు ఫీజు ఇచ్చేదెవరు? మీరు చెప్పినది రాసి సంతకం పెడతారా? మీ మాట కాదనే నిపుణుడు ఎవరైనా ఉన్నారా, ఆయన్ని కూడా పిలిచారా? ఆపద వస్తే మమ్మల్ని తరలించే బస్సు డ్రైవరుని ఈ సంగతి అడిగారా?

ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. "నామీద నమ్మకం లేదా అమ్మా?" అనవచ్చు. ఏం చెప్పాలో మా అత్తగారు నాకెప్పుడో చెప్పారు, మీకూ చెప్పాను. నిజమైన నిపుణుడైతే టేపు మీ చేతికే ఇచ్చి, "కొలుచుకోండమ్మా" అంటాడు.