ఎండదెబ్బలో మనిషి చెయ్యి ఎంత?

(వినుకొండ ప్రాంత సంఘాల స్త్రీల కూడికలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

వినుకొండ వాళ్ళకు ఎండను గురించి చెప్పబోవడం కొంచెం సాహసమే. పగలంతా కొండరాళ్ళు తాగిన వేడి రాత్రి పది దాటినా చల్లారకపోతే, ఆ కొండ కిందే కాపురం చేస్తున్నవాళ్ళు మీరు. ఇదే పల్నాడులోని రెంటచింతల పేరు వేసవి వార్తల్లో వినని వారుండరు. మొన్న ఒక పెద్దాయన ఆస్పత్రి వరండాలో నన్ను నిలదీశారు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం మా తాతలనాటి మాటే కదమ్మా, ఇప్పుడు కొత్తగా మనుషులు చేసిందేముంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను, కాస్త విడమరిచి.

ముందు మన రాష్ట్రం లెక్క చూడండి. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాల్పులకు సుమారు మూడు వేల మంది చనిపోయారు. రాష్ట్రం విడిపోయాక, 2015 మే నెలలో మళ్ళీ అలాంటి గాలులే వీచాయి. ఒక్క మన రాష్ట్రంలోనే 1,369 మంది పోయారని ప్రభుత్వ లెక్క. వారిలో ఎక్కువ మంది ఎవరో మీకు తెలుసు: కూలిపనికి వెళ్ళినవారు, గొర్రెలు మేపేవారు, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివారు. ఆ తర్వాత ముందస్తు హెచ్చరికలు, చలివేంద్రాలు, పని వేళల మార్పు వంటివి పెరిగాయి, మరణాలు బాగా తగ్గాయి. అంటే ఈ చావుల్లో చాలావరకు ఆపదగినవే.

ఆ 2015 ఎండలను గురించి శాస్త్రవేత్తలు ఒక పరిశోధన చేశారు. మన పక్కనున్న హైదరాబాదునూ, ఆ జూన్‌లో అల్లాడిన పాకిస్తాన్‌లోని కరాచీనీ తీసుకుని, ఎండనూ గాలిలోని తేమనూ కలిపి చూశారు. కంప్యూటర్లలో రెండు లోకాలను కట్టారు. ఒకటి మనం ఉన్న లోకం. రెండోది, మనుషులు బొగ్గు, పెట్రోలు, డీజిలు తగలబెట్టి గాలిలో కలిపిన వాయువులు లేని లోకం. రెండింటిలోనూ అంతటి ఉక్క ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టారు. మనుషుల ప్రభావం వల్ల అటువంటి వేడి వచ్చే అవకాశం బాగా పెరిగిందని తేల్చారు. 2023 ఏప్రిల్‌లో మన దేశాన్నీ బంగ్లాదేశ్‌నూ ఉడికించిన తేమతో కూడిన వేడి మీద ఇలాంటి పరిశోధనే జరిగింది. అది వచ్చే అవకాశం కనీసం ముప్పై రెట్లు పెరిగిందని అందులో తేలింది.

"అవకాశం పెరగడం" అంటే ఏమిటో ఆస్పత్రి భాషలో చెబుతాను. ముప్పై ఏళ్ళు చుట్ట కాల్చిన మనిషికి ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చిందనుకోండి. ఫలానా రోజు కాల్చిన ఫలానా చుట్ట వల్ల వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు. చుట్ట ముట్టని వాళ్ళకూ ఒక్కోసారి ఆ జబ్బు వస్తుంది. అయినా పొగ తాగేవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లని మనం ధైర్యంగా చెబుతాం. ఎండల సంగతీ అంతే. రోహిణి కార్తె ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాని వెనుక ఒక తరానికి ఒకసారి వచ్చే ఎండ ఇప్పుడు ఇంకా తరచుగా వస్తోంది, వచ్చినప్పుడు మరో మెట్టు ఎక్కువగా ఉంటోంది.

కారణం గాలిలో ఉంది. యంత్రాల యుగానికి ముందు గాలిలోని పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. పగలు నేల తీసుకున్న వేడిని రాత్రి ఆకాశంలోకి పోనీయకుండా అది దుప్పటిలా కప్పి ఉంచుతుంది. 2021లో ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం భూమి సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కింది, అందులో మనిషి పాత్రపై సందేహం లేదు. మన దేశం 1901 నుండి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు వేడెక్కిందని కేంద్ర ప్రభుత్వమే 2020లో చెప్పింది. మనకు తక్కువేమిటంటారా? మన మీద కమ్ముకునే పొగ, దుమ్ము సూర్యకాంతిని కొంత అడ్డుకుంటున్నాయి. కాలువల కింద తడిసిన పొలాలు ఆవిరి వదులుతూ నేలను కొంత చల్లబరుస్తున్నాయి. ఇందులో సంతోషించేది ఏమీ లేదు. ఆ పొగే ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఆ ఆవిరే గాలిలో తేమగా నిలిచి చెమటను ఆరనీయదు.

ఇది అంత్యకాల సూచన అని కొందరు అంటారు. వాక్యం సంగతి పాస్టరు గారు చెబుతారు. నేను చెప్పగలిగేది, ఈ పొగ ఏ దేశాల నుండి, ఏ ఫ్యాక్టరీల నుండి, ఏ వాహనాల నుండి వచ్చిందో లెక్కలున్నాయి. ఆ లెక్కలో మిరపకోతకు నడిచి వెళ్ళే కూలి మనిషి వాటా చాలా తక్కువ. దెబ్బ మాత్రం ముందుగా ఆమెకే తగులుతోంది. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక మన ఒంటి సంగతి. శరీరం చల్లబడటానికి ముఖ్యమైన దారి చెమట ఆరడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గాని ఆరదు. అందుకే 46 డిగ్రీల పొడి ఎండ కంటే 40 డిగ్రీల ఉక్క ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. రాత్రి కూడా చల్లబడకపోతే గుండె, మూత్రపిండాలు కోలుకోవు. రెండో రోజు, మూడో రోజు మనిషి కూలిపోతాడు.

మొదట తలనొప్పి, కండరాలు పట్టేయడం, వికారం, కళ్ళు తిరగడం ఉంటాయి. అప్పుడే నీడకు చేర్చి, లీటరు నీళ్ళలో ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి వేయండి. మనిషి తడబడి మాట్లాడుతున్నా, పిచ్చిగా ప్రవర్తిస్తున్నా, స్పృహ తప్పినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గాని తడిగుడ్డలు గాని పెట్టండి. ఆ అరగంటలో చల్లబరచడమే ప్రాణం నిలిపేది. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కుంది. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పత్తి, మిరప చేలలో మందు కొడుతూ మనిషి పడిపోతే, "ఎండ తగిలింది, నిమ్మకాయ నీళ్ళు ఇవ్వండి" అంటారు. అది ఎండ కాకపోవచ్చు, పురుగుమందు కావచ్చు. వేడిలో చర్మం చెమటతో నానినప్పుడు మందు ఇంకా తేలిగ్గా లోపలికి దిగుతుంది. చొక్కా తడిసిన చోట నుండే విషం ఎక్కుతుంది. ఎలా పోల్చుకోవాలి? నోటి వెంట చొంగ, కళ్ళ వెంట నీరు కారుతూ, కనుపాప సూది మొనంతగా చిన్నదై, ఊపిరి గురగురమంటూ, కండరాలు అదురుతూ ఉంటే మందు విషమని అనుమానించాలి. వడదెబ్బ తగిలిన కూలివారికీ చెమట పట్టవచ్చు కాబట్టి ఒక్క చెమటను చూసి తేల్చకండి. అనుమానం ఉంటే బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్ళు, తల కడిగి ఆస్పత్రికి తీసుకురండి. కడిగేవారు చేతులకు తొడుగులు గాని ప్లాస్టిక్ కవర్లు గాని వేసుకోవాలి. మందు డబ్బా కూడా తప్పక తీసుకురండి. దాని మీది పేరు చూస్తే మాకు సగం వైద్యం తెలిసినట్లే. స్ప్రే పని తెల్లవారుజామునే ముగించండి. గాలికి ఎదురుగా కొట్టవద్దు.

శ్రమల దినాల్లో ఉపవాసం ఉండే పెద్దలకు ఒక మాట. శుభశుక్రవారం మూడు గంటల ఆరాధన సరిగ్గా మిట్టమధ్యాహ్నం. బీపీకి నీళ్ళ మాత్రలు, షుగరు మందులు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు అంతకుముందే డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్ర మానవద్దు. సంఘపెద్దలు వరండాలో ఒక కుండ నీళ్ళు, రెండు ఫ్యాన్లు పెడితే భక్తికి లోటేమీ రాదు. కొత్తగా పనిలోకి వచ్చే కోడలిని మొదటి వారం సగం పూట పనికే పంపండి. ఒళ్ళు ఎండకు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

వాన గురించి కొద్దిగా చెబుతాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అది కురిసినప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. భారీ వానలు ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఉధృతమయ్యాయని ఆ 2021 నివేదికే చెప్పింది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు విజయవాడను ముంచింది. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. అక్కడ మనిషి చెయ్యి ఇంకో విధంగానూ ఉంది: వాగు పారవలసిన చోట ఇళ్ళు కట్టారు, గట్లు గండ్లు పడ్డాయి. అంతకుముందు 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, మన వైపు మిరప, పత్తి రైతులనూ ఏడిపించింది. వరద తర్వాత విరేచనాలు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం, పాము కాట్లు పెరుగుతాయి. కాచిన నీళ్ళు తాగండి. బురదలో చెప్పులు లేకుండా దిగకండి. కల్లంలో తడిసి బూజు పట్టిన మిరపకాయను "కారంలో కలిపేస్తే ఏం తెలుస్తుంది" అని ఇంట్లో వాడకండి. ఆ బూజులో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది. ఎండబెట్టినా, వేయించినా అది పూర్తిగా పోదు.