ధర్మసంస్థలు – ఫలితపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ధర్మసంస్థకు రెండు లెక్కలు కలవు. ఒకటి జమాఖర్చుల లెక్క. రెండవది ఫలితపు లెక్క. మొదటిది చిట్టా తెరచిన దొరకును. రెండవది మనుష్యుల జీవితములలో వెదకవలసినది. ఇంత ధనము వెచ్చించితిమనుట విత్తనముల లెక్కయే కాని పంట లెక్క కాదు.

ఇందుకు హైదరాబాదు నగరమున రెండు నిదర్శనములు కలవు. ఆబిడ్సులోని రెడ్డి విద్యార్థి వసతిగృహము, తరువాత నగర కొత్వాలైన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి కృషిచే 1918లో వెలసినది. గదులెన్ని, విద్యార్థులెందరు అనునది చిట్టాలోని మాట. ఆ గృహమునకు కార్యదర్శిగా పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో 354 మంది కవుల పద్యములతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. ఈ కీర్తి యంతయు వసతిగృహమునదే యనవచ్చునా? అనరాదు. 1901లో నెలకొనిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకును, 1921 నాటి ఆంధ్ర జనసంఘమునకును ఆనాటి మేలుకొలుపులో భాగము కలదు. ‘అంతయు మా వలననే’ యనుట అహంకారము. ‘ఇందు మా పాలు ఇంత’ యనుట న్యాయము.

ఇక నాంపల్లి సంగతి. ఉస్మానియా పట్టభద్రులు 1938లో అచ్చటి పబ్లిక్ గార్డెన్సులో నుమాయిష్ ప్రారంభించిరి. రాష్ట్రపు ఆర్థిక పరిస్థితులను పరిశీలించుటకు ధనము కూర్చుట వారి యుద్దేశము. అనగా, తీర్చుటకు ముందు లోటెంతయో కొలువ నెంచిరి. 1946లో ప్రదర్శన నేటి మైదానమునకు మారినది. దాని యాదాయముతో విద్యాలయములు నడుచుచున్నవి. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానముననే కలవు. టిక్కెట్టు కొన్నవారి సంఖ్య ఫలితము కాదు. ఆ కళాశాలలు లేకున్న చదువు మానియుండెడి బాలికలెందరు, చదివిన పిమ్మట వారి యిండ్లలో కలిగిన మార్పేమి యనునదే ఫలితము.

‘లేకున్న నేమగును?’ అను ఈ ప్రశ్నకు సేద్యగాండ్రే గురువులు. చెరువుక్రింది పొలము పండినప్పుడు వారు ప్రక్కనున్న మెట్టను గూడ చూతురు. రెండును సమముగా పండిన వర్షమే కారణము. మెట్ట యెండి పొలము పండిన, చెరువు పాలెంతయో తెలియును.

గ్రామ గ్రంథాలయమునకును ఇదే కొలత. పుస్తకముల సంఖ్య, చందాదారుల సంఖ్య వ్రాయవలసినవే. వాని ప్రక్కన మరి రెండు వరుసలు గీయవలెను: ఇచ్చటి చదువుచే తమ అర్జీ తామే వ్రాసికొనగలిగినవారెందరు? ఇరువదియైదేండ్లైనను ఈ గడప త్రొక్కనివారెందరు, ఏల త్రొక్కలేదు? మొదటి వరుస పెరిగి రెండవది తరిగిన నాడే రజతోత్సవము సార్థకమగును.